చెవి మీద దోమ

షోమారి పోయిన మూడో రోజు పొద్దున పొరుగింటి జైతూని తెర పక్కకి తోసుకుని లోపలికి వచ్చింది. పెరట్లో ఉడుకుతున్న పులావు గరిటెతో సహా వచ్చింది.

"అక్కా, కాస్త నోట్లో వేసుకుని చెప్పు. నువ్వు ఊఁ అంటే గాని దించం."

మ్వంతుము తెల్లబట్ట కట్టుకుని చాప మీద కూర్చుని ఉంది. మొగుడు పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పొయ్యి దగ్గరికి అసలే వెళ్ళకూడదు. అయినా పాతికేళ్ళుగా ఆ పేటలో పెళ్ళి పులావైనా చావు పులావైనా ఆమె చేతి మీదుగానే దిగింది. అందుకని ఇవాళ గరిటే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె నాలుగు మెతుకులు అరచేతిలో వేయించుకుని నోట్లో వేసుకుంది. వేసుకుని, అలవాటు చొప్పున తలుపు మూలకేసి చూసింది.

అక్కడ ఎవరూ లేరు. షోమారి చేతులతో చెక్కిన కొబ్బరి కోరుపీట ఒక్కటే ఉంది.

"ఉప్పు ఓ పిసరు తగ్గినట్టుంది" అంది మ్వంతుము, ఏదో ఒకటి అనాలి కనక.

"నేనూ అదే అనుకున్నా" అని జైతూని వెళ్ళిపోయింది.

ఉన్నమాట చెప్పుకోవాలంటే, మ్వంతుము నాలుకకి ఉప్పూ తెలియదు, తీపీ తెలియదు. ఏడో ఏట వచ్చిన జ్వరం ఆమె ప్రాణాన్ని వదిలిపెట్టి రుచినీ వాసననీ పట్టుకుపోయింది. వండటం రాని ఆడపిల్లని ఎవరు చేసుకుంటారని తల్లి ఆ సంగతి కడుపులో దాచుకుంది, కూతురికీ దాచడం నేర్పింది. మొదటి మొగుడు నాలుగు నెలలు ఆమె వంట తిని, అయిదో నెలలో కుండ నెత్తిన పెట్టి పుట్టింటికి పంపించాడు. అప్పుడు కూడా ఆమె నోరు విప్పలేదు. చేతకానిదని అనిపించుకుంది గాని నాలుక చచ్చిందని చెప్పుకోలేదు.

ఆ తర్వాత షోమారి వచ్చాడు. కోరుపీటలు చెక్కి బగమోయో సంతలో అమ్ముకునే మనిషి, నలుగురిని నవ్వించే మనిషి. అతనితో మాత్రం ఆమె పెళ్ళికి ముందే చెప్పేసింది. "నాకు రుచి తెలియదు. ఇష్టమైతే చేసుకో, లేకపోతే ఇప్పుడే లేచి వెళ్ళు. ఎవరితోనూ అనకు" అంది. అతను లేవలేదు. "ఇద్దరున్న ఇంటికి ఒక నాలుక చాలదా? నాది ఉందిగా" అన్నాడు. ఆ మాటకి ఆమె ఇరవై ఏడేళ్ళు అతన్ని నెత్తిన పెట్టుకుంది.

వాళ్ళిద్దరికీ ఒక భాష ఏర్పడింది. ఏ పెళ్ళిలో వండినా కట్టెలు అందించే మిషతో షోమారి పొయ్యి పక్కన చేరేవాడు. గరిటె చివర నుంచి ఒక మెతుకు తీసుకుని నోట్లో వేసుకునేవాడు. చెవి ముట్టుకుంటే ఉప్పు వేయమని, గడ్డం ముట్టుకుంటే సరిపోయిందని, టోపీ సర్దుకుంటే ఎక్కువైంది, కొబ్బరిపాలు పోయమని. అలా ఆమె ఆ పేటలో పేరున్న వంటమనిషి అయింది. పేట మొత్తం ముందు ఆమె నటించింది, నిజమే. కానీ ఒక్క మనిషి ముందు నటించనక్కర్లేదు, ఆ ఒక్కడూ తనని ఎరిగినవాడు, అది చాలనుకుంది. పోయిన ఏడాది అతను మంచాన పడ్డాక పిడికిళ్ళు లెక్కపెట్టుకుంటూ ఒక్కతే వండింది. అందరూ ఆహా ఓహో అన్నారు. ఆయన నేర్పిన చెయ్యి ఆయన లేకపోయినా తప్పలేదని ఆమె పొంగిపోయింది.

జైతూని వెళ్ళిన కాసేపటికే పెరట్లో గోల లేచింది.

"ఒరేయ్ జరామోల్లారా! కొబ్బరికాయ నెత్తిన రాలితే తప్ప నిద్ర లేవని మొహాల్లారా! మీలో ఒకడికి కాయ రాలినా మెలకువ రాలేదంట, నిజమేనా?"

మిహాయో గొంతు అది. రచ్చబల్ల దగ్గర ఇత్తడి కెటిలుతో కాఫీ అమ్ముకునే న్యామ్వేజీవాడు. న్యామ్వేజీలకీ, షోమారి వాళ్ళ జరామోలకీ తాతల కాలం నుంచి మేలమాడుకునే వరస, దాన్నే ఉతాని అంటారు. బావామరుదుల సరసం లాంటిదే, కాకపోతే ఇక్కడ జాతికి జాతే బావ, జాతికి జాతే మరిది. ఎంత మాటైనా అనొచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. చావింట్లో వాళ్ళ హక్కు ఇంకా ఎక్కువ. పోయినవాడి బట్టలు తొడుక్కుని, వాడిలా నడిచి, వాడిలా మాట్లాడి, ఏడ్చేవాళ్ళ చేత నవ్వించి పోతారు. వాళ్ళు రాకపోతే ఆ చావుకి మర్యాద లేదు.

"మూటలు మోసే గాడిదా! ఇప్పుడా రావడం? నీ వీపు మీద మూట ఎక్కడ పారేశావురా?" అని షోమారి మేనత్త బి కొండో బదులిచ్చింది. ఎనభై ఏళ్ళ ముసలిది. పళ్ళు లేకపోయినా నోరుంది. న్యామ్వేజీలు ఒకప్పుడు రేవుకి మూటలు మోసిన కూలీలని ఆ దెప్పు.

"మీ షోమారిని మోసుకెళ్ళి మూడు రోజులైంది కదే ముసలీ, నడుం పట్టేసింది. చెక్కపొడి తిని తిని వాడు చెక్కలాగే బరువెక్కాడు!"

మ్వంతుము తెర కాస్త తొలగించి చూసింది. మిహాయో నెత్తిన షోమారి టోపీ ఉంది, నీలం దారంతో కుట్టుపని చేసిన తెల్ల టోపీ. అతను ఎడమ కాలు ఈడుస్తూ పెరడంతా తిరిగాడు. కాఫీ గుక్క తాగి ఒక తుమ్ము, మళ్ళీ గుక్క, మళ్ళీ తుమ్ము. లేని కోరుపీట మీద లేని చెక్కపొడి ఊది, పక్కవాడి కళ్ళలో పడిందని క్షమాపణ చెప్పుకున్నాడు. పెరడు గొల్లుమంది. మ్వంతుము కూడా కళ్ళ నీళ్ళు కారుతుండగా నవ్వింది. అచ్చం ఆయనే. మూడు రోజుల్లో ఆమెకి గుండె తేలికపడిన క్షణం అదొక్కటే.

"ఇప్పుడు చూడండి! షోమారి గారు ఆడే మ్వంతుము!" అన్నాడు మిహాయో.

"ఒరేయ్, అది వద్దురా, ఆవిడ లోపలుంది" అని ఎవరో సణిగారు. కానీ అప్పటికే సగం మంది నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

మిహాయో టోపీ మీంచి ఆడవాళ్ళు కట్టుకునే కాంగా గుడ్డ ముసుగు వేసుకున్నాడు. జైతూని చేతిలోంచి గరిటె లాక్కుని, ఒక మెతుకు నాలుక మీద పెట్టుకుని, కళ్ళు పైకి తిప్పి, పెద్ద పండితురాలిలా చప్పరించాడు. చప్పరిస్తూనే ఓరకంటితో పక్కకి చూశాడు, చూపు అక్కడే అతికించేసి ఆగిపోయాడు. తర్వాత ముసుగు తీసి షోమారి అయ్యాడు, మెల్లగా గడ్డం గోక్కున్నాడు. మళ్ళీ ముసుగు. "ఆఁ! సరిగ్గా కుదిరింది!" అన్నాడు సన్న గొంతుతో.

జనం పొట్టలు పట్టుకున్నారు. మ్వంతుము చేతిలో తెర అలాగే ఉండిపోయింది. ఇది మిహాయో కల్పించింది కాదు. ఆ చప్పరింపు, ఆ చూపు, ఆ విరుపు చాలాకాలంగా అరిగి నునుపు తేలిన వేషం. ఎక్కడ నవ్వాలో పిల్లలకి కూడా ముందే తెలుసు. షోమారే దాన్ని ఆడేవాడు. తన వేషం తన మొగుడు వేసి చూపిస్తుంటే పేట పేటంతా నవ్వుకునేది.

"కస్టమ్స్ గుమాస్తా కూతురి పెళ్ళి! అది చెయ్యి, అది చెయ్యి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మిహాయో చెవి ముట్టుకున్నాడు. ముసుగు వేసుకుని డేగిసాలో పిడికెడు ఉప్పు పోసినట్టు నటించాడు. మళ్ళీ చెవి ముట్టుకున్నాడు. మళ్ళీ పిడికెడు. మూడోసారి చెవి ముట్టుకుని జనంకేసి కన్ను కొట్టాడు. మూడో పిడికెడు. తర్వాత చెవి మీద ఒక్క చరుపు చరుచుకుని ఆగాడు.

"దోమ!" అని పెరడంతా ఒక్క గొంతుతో అరిచింది.

మ్వంతుము తెర వదిలేసింది.

ఆ పెళ్ళి జరిగి పదకొండేళ్ళయింది. నూట యాభై మంది విస్తుపోయి పళ్ళేలు పక్కకి తోసేశారు. గుమాస్తా ఆమె ముందుకి పళ్ళెం విసిరి, "సముద్రాన్ని ఉడకబెట్టావా?" అని నలుగురిలో కడిగేశాడు. ఆమె తల దించుకుని ఇంటికొచ్చి రెండు నెలలు గరిటె ముట్టలేదు. అప్పుడు షోమారి పక్కన కూర్చుని వీపు నిమిరాడు. "తప్పు నాది. చెవి మీద దోమ వాలింది, గోక్కున్నాను. నువ్వు ఉప్పనుకున్నావు" అన్నాడు. ఎంత మంచి మనిషి, తప్పు తన నెత్తిన వేసుకున్నాడని ఆమె అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చెవి ముట్టుకోవడం వేరు, దోమని తోలుకోవడం వేరు అని ఆమెకి ఆ రోజు తట్టలేదు. అతన్ని అనుమానించడం ఆమెకి చేతకాదు.

ఆ తర్వాత ఆమె రచ్చబల్ల ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా కూర్చున్న మగాళ్ళలో ఎవడో ఒకడు చెవి చరుచుకునేవాడు. పాపం అక్కడ దోమలు ఎక్కువని ఆమె బుట్టెడు కొబ్బరిపీచు పంపింది, పొగ వేసుకోమని. వాళ్ళు పొగ వేసుకున్నారు కూడా. పీచు బాగా పనిచేసిందని షోమారే ఇంటికొచ్చి చెప్పాడు. ఇప్పుడు అది తలుచుకుంటే ఆమెకి ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. గుమాస్తా విసిరిన పళ్ళెం కంటే ఆ బుట్టెడు పీచే ఎక్కువ కాల్చింది.

బయట ఒక్కసారిగా నవ్వు ఆగిపోయింది. తెర పడటం ఎవరో చూసినట్టున్నారు. కాసేపటికి జైతూని రెండో డేగిసా గరిటెతో వచ్చింది. ఆమె కళ్ళు నేల మీదే ఉన్నాయి.

"అక్కా... ఇది కూడా కాస్త చూస్తావా?"

మ్వంతుము మెతుకులు నోట్లో వేసుకుంది. ఈసారి మూలకేసి చూడలేదు. "చాలా తక్కువ. రెండు పిడికిళ్ళు వెయ్యి" అంది.

"అలాగే అక్కా. నేనూ అదే అనుకున్నా."

మ్వంతుము తెర సందులోంచి చూసింది. జైతూని డేగిసా దగ్గరికి వెళ్ళి, ఉప్పు కుండ వైపు చెయ్యి చాపి, ఏమీ తీసుకోకుండానే పిడికిలి మూసి, డేగిసా మీద రెండుసార్లు విదిల్చింది. ఒక్క రవ్వ రాలలేదు. అంత అనాయాసంగా చేసింది అంటే, ఆ ఖాళీ పిడికిలి ఇవాళ మొదటిసారి విదిల్చింది కాదు.

"మిహాయోని పిలువు" అంది మ్వంతుము గట్టిగా.

మిహాయో వచ్చి గడప అవతల కూర్చున్నాడు. తెర మధ్యలో ఉంది.

"వదినా, కోడిని ఇవ్వకపోతే టోపీ ఇవ్వను, ముందే చెబుతున్నా" అన్నాడు. టోపీని ఇంటివాళ్ళు ఏదో ఒకటి ఇచ్చి విడిపించుకోవడం ఆనవాయితీ. కానీ అతని గొంతులో ఇందాకటి జోరు లేదు.

"ఒక్క మాట అడుగుతాను. మేలమాడకుండా చెప్పు."

"అది నాకు చేతకాదు వదినా. సరే, అడుగు."

"దోమ నిజమేనా?"

"కాదు" అన్నాడు.

"మరేంటి?"

"పందెం. ఒక కప్పు కాఫీ."

"ఎవరు కాశారు?"

"నేనే. మూడుసార్లు ముట్టుకుంటే మూడుసార్లూ వేస్తుందా, పిచ్చిదా, ఎవరికైనా అనుమానం రాదా అన్నాను. 'దానికి నా మీద అనుమానం రాదు' అన్నాడు మీ ఆయన. చాలా గొప్పగా అన్నాడు వదినా. గెలిచాడు కూడా."

"ఒక్క కప్పేనా?"

"ఒక్కటే. దాంట్లో చక్కెర ఎక్కువ వేయించుకున్నాడు."

మ్వంతుముకి నవ్వొచ్చింది, అది నోటిదాకా వచ్చి వేరే ఏదో అయిపోయింది. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు తెలుసనుకున్నాను" అన్నాడు మిహాయో. "ఒట్టు. ఇన్నేళ్ళు అందరి ముందు ఆడిన ఆట ఇంట్లో తెలియకుండా ఉంటుందా? మొగుడూ పెళ్ళాలు కలిసి నవ్వుకునే సరసమే అనుకున్నాను. తెలిసుంటే చావింట్లో ఆడేవాణ్ణి కాదు. నేను మీకు వరసైనవాణ్ణి గాని పగవాణ్ణి కాదు."

"నా మీద ఇష్టంతో ఆడేవాడా, వెక్కిరించడానికి ఆడేవాడా?"

"అది నన్నడిగితే ఎలా వదినా? మేం నవ్వాలని ఆడేవాడు. మేం నవ్వేవాళ్ళం. నవ్వితే ఇంకాస్త ఆడేవాడు."

ఇంకెవరైనా అయితే, ప్రేమతోనే ఆడాడమ్మా అని ఒక అబద్ధం చేతిలో పెట్టి వెళ్ళిపోయేవారు. మిహాయో పెట్టలేదు. అందుకు ఆమె అతనికి లోలోపల దణ్ణం పెట్టుకుంది. ఆమె పేటంతటికీ దాచి ఒక్కడికి చెప్పింది. ఆ ఒక్కడు పేటంతటికీ చెప్పి ఆమెకి దాచాడు. ఇరవై ఏడేళ్ళలో అతను తనతో నటించని రోజు ఏదని వెతుక్కుంది. పెళ్ళికి ముందు లేవకుండా కూర్చున్న ఆ ఒక్క పూట గుర్తొచ్చింది. అది కూడా ఎంతవరకు నిజమో ఇప్పుడు అడగడానికి మనిషి లేడు. కొట్టడానికీ లేడు, తిట్టడానికీ లేడు. ఆమెకి అన్నిటికన్నా కోపం తెప్పించింది అదే. ఇంత చేసి, మాట పడకుండా మట్టిలోకి జారుకున్నాడు.

ఆమె లేచి తెర తీసేసి, గడప దాటకుండా లోపలే నిలబడింది. పెరట్లో వాళ్ళంతా చూపులు దించుకున్నారు.

"జైతూనీ, గరిటె పట్టుకుని ఇలా రా. నాకు రుచి తెలియదు. మీకది తెలుసు. మీకు తెలుసని నాకు ఇవాళ తెలిసింది. ఇంక చెవి ముట్టుకునేవాడు లేడు. నువ్వు తిని చెప్పు, ఎలా ఉంది?"

జైతూని ఒక మెతుకు నోట్లో వేసుకుంది. "బాగుంది అక్కా" అంది వెంటనే.

"ఏం బాగుందే నీ మొహం!" అని బి కొండో కసిరింది. ఆమె అప్పటికే డేగిసాలో చెయ్యి పెట్టేసింది. "చప్పిడి గడ్డిలా ఉంది. మ్వంతుము పొద్దున్నే ఉప్పు తక్కువంది, ఇప్పుడూ తక్కువంది. నాలుక లేనిదే నయం, నాలుకలున్న మీకేమైందే?"

మ్వంతుము ముసలిదానికేసి తిరిగింది. "అత్తా, పోయిన ఏడాది నీ మనవడి పెళ్ళిలో నేను ఒక్కదాన్నే వండాను. ఎలా ఉంది?"

బి కొండో గడ్డం కింద ముడతలు తడుముకుంది. "సగం మేకలకి వేశాం" అంది. "మేకలు కూడా ఆ రాత్రంతా నీళ్ళు తాగాయి."

ఎవరూ నవ్వలేదు. జైతూని చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నీ మనసు నొప్పించడం ఇష్టం లేక అక్కా" అంది.

"మీరు నవ్వుకున్నప్పుడు నొప్పి లేదా? నా చేతిలో ఉప్పు ఎక్కువైంది అని నాతో ఒక్కరు అనుంటే మహా అయితే ఒక పూట ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఇన్నేళ్ళకీ కలిపి ఏడవాలి" అంది మ్వంతుము. అని, "నేనూ మీతో చెప్పలేదులే. అది నా తప్పు. ఆ మాట కూడా ఇవాళే అనేస్తున్నా" అంది.

మిహాయో టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు. "కోడి వద్దు వదినా, ఏమీ వద్దు. ఊరికే తీసుకో."

మ్వంతుము టోపీ వైపు చూసింది. నీలం దారం అంచున చెక్కపొడి ఇంకా అంటుకుని ఉంది. ఆ కుట్టు ఆమె చేత్తో కుట్టిందే.

"నువ్వే పెట్టుకో. ఆయన నెత్తిన అన్నేళ్ళుండి అది నాకు చెప్పనిది, నీ నెత్తిన గంటసేపుండి చెప్పింది" అంది.

బి కొండో ఉప్పు కుండ లాక్కుని తానే ఒక పిడికెడు తీసి డేగిసాలో వేసింది. గలగలమని రాలిన ఉప్పు గడప దగ్గర నిలబడ్డ మ్వంతుముకి వినిపించింది. ఆమె తెర వేసుకుని లోపలికి వెళ్ళింది.

కాసేపటికి జైతూని పళ్ళెంలో అన్నం తెచ్చి పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మ్వంతుము ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమె కళ్ళు ఆమెని అడగకుండానే తలుపు మూలకి వెళ్ళాయి, కోరుపీట పైన ఖాళీగా ఉన్న చోటికి, చెవి ముట్టుకుంటాడా గడ్డం ముట్టుకుంటాడా అని. ఆమె పళ్ళెం కింద పెట్టి లేచింది. చాప ఎత్తి, రెండో వైపుకి తిప్పి పరుచుకుంది. ఇప్పుడు ఆ మూల ఆమె వీపు వెనక ఉంది. పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని తినడం మొదలుపెట్టింది.